రాజోలి వదినె గురక

మా చిన్నప్పుడు పెళ్లిళ్లలో ఎగతాళి పాటకు ఆయుష్షు విస్తరి ఎత్తేదాకానే. బువ్వ బంతిలో రెండు వైపులవాళ్లూ కలిసి కూర్చున్నప్పుడు ఆడపిల్ల తరఫువాళ్లు వియ్యపురాలిని పాటతో దుమ్మెత్తిపోయాలి, ఆమె కోపం నటించాలి, అటువైపువాళ్లు అంతకంటే ఘాటుగా బదులివ్వాలి. చేతులు కడుక్కున్నాక అందరూ ఒకే పళ్లెంలోంచి వక్కలు ఏరుకునేవారు. ఆ పాట మళ్లీ ఇంకెక్కడా పనికొచ్చేది కాదు, అది ఆ ఒక్క వియ్యపురాలి కొలతకు కుట్టిన రవిక. గద్వాలలో ఈ విద్యలో మా చిన్నమ్మను మించినవాళ్లు లేరు. పగలంతా మగ్గం మీద చీర నేస్తూ, నోట్లోనే పాట కట్టుకునేది.

నా పెళ్లిలో ఆమెకు రాజోలి నుంచి వచ్చిన మా అత్తగారు దొరికారు. నిశ్చితార్థం రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఓ కునుకు తీయడమే ఆవిడ చేసిన నేరం. "రాజోలి వదినె గురక పెడితే, తుంగభద్ర నీళ్లు ఎనుకకు మర్లె" అని చిన్నమ్మ అందుకోగానే పందిరంతా గొల్లుమంది. అత్తగారు మూతి ముడిచి, కొంగు చాటున నవ్వడం నేను చూశాను. (కొత్త కోడలికి చనువిచ్చినట్టవుతుందని కాబోలు, నా వైపు మాత్రం తిరగలేదు.) మా మరిది ఆ బంతినంతా ఫోన్లో పట్టి, సాయంత్రానికల్లా నెట్లో పెట్టేశాడు. ఫోన్లో జాగా చాలడం లేదని అసలుది తుడిచేశాడు. నెట్లో భద్రంగా ఉంటుందని వాడి ధీమా.

కొన్నాళ్లకు రాజోలిలో మా వీధిన ఓ బరాత్ వచ్చింది. ఊరేగింపు బండి మీది స్పీకర్ డబ్బాల్లోంచి చిన్నమ్మ గొంతు! వనపర్తి డీజే ఒకడు ఆ పాటకు దరువు తగిలించి, గురక అన్నచోట ట్రాక్టర్ మొరాయించే చప్పుడు పెట్టి, లైనుకోసారి "వనపర్తి డీజే అన్నా" అని తన గొంతుతో అరిచాడు. ఇక అత్తగారు కిరాణా కొట్టుకు వెళ్లినా జనం ముసిముసి నవ్వులు. నాగర్‌కర్నూలు నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, నీకు గురక ఎప్పటి సంది?" అని అడిగింది. దాంతో ఆవిడకు కోపం నెత్తికెక్కింది.

"మీ చిన్నమ్మ బంతిల పాడింది, నేను పడ్డ. గది రివాజు. గిప్పుడు ఊరూర పాడిపిచ్చుడు ఏంది? మా గడప తొక్కొద్దని చెప్పు ఆమెకు," అన్నారు నాతో.

నేను చెప్పలేదు. చెప్పకపోయినా చేరింది, చిన్నమ్మ రావడం మానేసింది. నాకు ప్రాణం ఉసూరుమనేది. అయినా బరాత్ మోత వినిపిస్తే దుప్పటి ముసుగు తన్ని చెవులు మూసుకునేదాన్ని. పుట్టింటి మనిషి గొంతు వినబడితే అలా దాక్కున్న కోడలు మరొకతె ఉండదు. వీడియో పెట్టింది తనేనని మరిది బయటపడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా.

చివరికి ఆ నెట్టే పట్టించింది. ఒకరోజు వాడు పరేషాన్‌గా ఫోన్ పట్టుకొచ్చాడు. "నేను పెట్టిన పెళ్లి వీడియోల సౌండ్ పోయింది. గా పాట వేరేటోళ్లదంట, మనం వాడొద్దంట." చూస్తే నా పెళ్లిలో చిన్నమ్మ నోరు కదులుతోంది, మాట రావడం లేదు. పాట తనదేనని డీజే నెట్లో రాయించుకున్నాడట. అత్తగారు కొడుకు నెత్తిన ఒక్కటి మొట్టి, ఆ మూగ వీడియోనే చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

"దావత్ మనది. గొంతు వదినెది. గురక నాది. నడుమ వాడెవడు?" అన్నారు.

మర్నాడే గద్వాలలో చిన్నమ్మను వెంటేసుకుని ముగ్గురం వనపర్తి బస్సెక్కాం. మొదట ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు కానీ, డీజేను ఏమేం తిట్టాలన్న దగ్గర మాట కలిసింది. (ఊరు వచ్చేసరికి చిన్నమ్మ వాడి మీద రెండు చరణాలు కట్టేసింది.) తీరా చూస్తే వాడు బక్కపలచటి మనిషి. మా అత్తగారి పేచీ వినగానే "మీరేనా రాజోలి వదినె?" అని కాళ్లకు మొక్కాడు. "నాది నేను తీసేస్త అమ్మా. గానీ ఎన్ని ఫోన్లల్లకు పోయిందో నాకే తెల్వదు," అన్నాడు. పైగా చిన్నమ్మ ముందు మైకు పెట్టి కొత్తదొకటి పాడమన్నాడు. చిన్నమ్మ ఆ మైకును తేరిపార చూసింది. "దీన్ని ఏమని తిట్టాలె? ఇది అలుగుతదా, నవ్వుతదా?" అంది.

వాడు మాట నిలబెట్టుకున్నాడు కానీ, మా వీడియోకు గొంతు తిరిగి రాలేదు. చిన్నమ్మ మా ఇంటికి మళ్లీ రావడం మొదలుపెట్టింది, అదే పదివేలు. పెళ్లిళ్లలో మాత్రం పాడలేదు. ఆమె బంతిలో కూర్చోగానే ఎదురుగా ఫోన్లు లేచేవి, ఆమె తలొంచుకుని పప్పన్నం కలుపుకునేది. "ఒక్కటి పాడు వదినె, నన్నే తిట్టు," అని అత్తగారు బతిమాలినా, "ఈడ పాడితే ఏడ తేల్తదో తెల్వదు వదినె," అనేది.

చిన్నమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆమె గొంతు మాకు, ఇంకా జనం ఫోన్లలో తిరుగుతున్న ఆ డీజే పాటలో తప్ప ఇంకెక్కడా లేదు. పోయిన మాఘంలో మా వీధిన బరాత్ మోత వినబడగానే, ఒకప్పుడు ముసుగు తన్నిన నేనే, పొయ్యి ఆపి గుమ్మంలోకి పరుగెత్తాను. అత్తగారు అప్పటికే అరుగు మీద ఉన్నారు. ట్రాక్టర్ మొరాయించింది, డీజే అరిచాడు, వాడి అరుపు అయ్యేదాకా ఇద్దరం ఓపిగ్గా కాచుకున్నాం. పక్కింటావిడ ఏదో చెప్పబోతే అత్తగారు చెయ్యెత్తి ఆపారు.

"జర ఆగు," అన్నారు. "వదినె నన్ను తిడ్తున్నది."