పాత మసీదు గుమ్మంలో చెంబెడు నీళ్ళు

నేను సొరకాయలు కోస్తానని ఉద్దానమంతా పేరు. సరే, కోస్తాను. కానీ ఇది కోత కాదు. మా పిల్ల తలమీద చెయ్యేసి చెబుతున్నాను... జరిగింది. దోమల దగ్గర మాత్రం నా నోరు ఆగదు. అక్కడ కాస్త తగ్గించుకుని వినండి. మిగతాది తగ్గించారో, మీకూ నాకూ మాటల్లేవు.

పలాసలో రైలు కూసినప్పుడల్లా బండెడ్లు బెదిరే రోజులవి. మా పిల్ల పైడమ్మకి అప్పుడప్పుడే నడక వస్తోంది. ఉన్నట్టుండి జబ్బు చేసింది. పొద్దు వాలితే చాలు, ఒళ్ళు పెనంలా కాలేది. పాలు పడితే కక్కేది. ఎంత చిక్కిపోయిందంటే, మొలతాడు చీలమండల దాకా జారిపోయేది. కషాయాలన్నీ అయ్యాయి. ఇక ఏడవడానికి కూడా ఓపిక లేక పిల్ల ఊరికే చూస్తుంటే... మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మా వైపు అలాంటి పిల్లలకి ఒక దారి ఉంది. చెంబుతో నీళ్ళు పట్టుకుని సాయంత్రం మసీదు గుమ్మం బయట నిలబడాలి. నమాజు చేసి బయటికొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆ నీళ్ళ మీద ఊది వెళ్తారు. ఆ నీళ్ళు పిల్లకి పట్టాలి. మా ఆవిడ సింహాద్రమ్మ దానికి తన చట్టాలు కూడా కలిపింది.

"సెంబు నేల మీద ఎట్టకు. ఊదించకుండా ఎనక్కి తేకు. తెచ్చినావా... నువ్వూ రాకు."

టెక్కలికి బండి కట్టాం. తోలింది నా బావమరిది అప్పన్న. వాడు తోలడమంటే ఎడ్లని బతిమాలడమే. నత్తలు మమ్మల్ని దాటి వెళ్ళాయి.

"కాస్త అదిలించరా!"

"ఆటికీ పేనం ఉంటాది గదా బావా!"

చెంబు ఒళ్ళో పెట్టుకుని కుదుపు కుదుపుకీ హడలిపోతున్న నా ప్రాణం మాత్రం వాడికి లెక్కలేదు. తీరా వెళ్ళేసరికి ఊళ్ళో మసీదు తలుపు మూసి ఉంది. అందరూ పెళ్ళికి పర్లాకిమిడి వెళ్ళారట. అదే రోజున! నాకోసమే ముహూర్తం పెట్టుకున్నట్టు!

"ఊరి సివర పాతదొకటుంది బావా. నవాబుల నాటిది. ఎవలో ఒకలు ఉండరేటి?"

"ఉంటారా?"

"ఉండకపోతే మసీదెందుకు కట్టినారు?"

ఈ తర్కాన్నే నమ్ముకుని వెళ్ళాం.

అప్పటికి చీకటి పడుతోంది. గుమ్మానికి తలుపుల్లేవు. గుమ్మటం చీల్చుకుని రావి మొలక ఒకటి పైకొచ్చింది. చెప్పులు విడిచి, చెంబు రెండు చేతులా పట్టుకుని లోపలికి వెళ్ళాను. మూడు కమానులు. గబ్బిలాల వాసన. కాళ్ళు కడుక్కునే తొట్టి నిండా ఎండుటాకులే, చుక్క నీరు లేదు. "బాబూ... ఎవరైనా ఉన్నారా?" నా గొంతే గోడల్ని తాకి తిరిగొచ్చింది. మనిషన్నవాడు అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో!

ఏం చెయ్యను? ఇంటికి వెళ్ళనూ లేను, చెంబు దించనూ లేను. గుమ్మం బయటికొచ్చి నిలబడ్డాను. అప్పుడు దిగాయండీ దోమలు... పావురాలంతేసి! ముక్కు మీద ఒకటి బైఠాయించింది. గోక్కుందామంటే రెండు చేతులూ చెంబుకే అంకితం.

"ఒరే అప్పన్నా! వచ్చి ముక్కు గోకరా!"

"ఎడ్లని ఒగ్గీసి నానెలగ వస్తాను బావా?"

ఆ మాట వెనకే గురక. ఏడుపొచ్చింది. పిల్ల కోసమో, ముక్కు కోసమో తెలియదు.

అప్పుడు... దోమలు ఆగిపోయాయి.

ఒక్కటి లేదు. గుయ్యిమన్న చప్పుడే లేదు.

లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు. సన్నగా... ఆగి... మళ్ళీ. ఆ తొట్టిలోనే. తడికాళ్ళు రాయి మీద ఆనే చప్పుడు. తర్వాత బట్టల గరగర... చాలామంది ఒక్కసారే వంగినట్టు. మోకాళ్ళు నేలకానినట్టు, మెత్తగా.

చూద్దామంటే మెడ తిరగలేదు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... నా ముఖానికి దగ్గరగా చల్లటి గాలి. చెంబులో నీళ్ళు వణికాయి. నా చేతులు వణకలేదు. ఒట్టు. బిగుసుకుపోయాయి. మళ్ళీ... ఈసారి వెచ్చగా, తమలపాకు వాసనతో. మళ్ళీ... ఆయాసపడుతూ, ముసలి ఊపిరి. ఊదడానికి ముందు చిన్నగా దగ్గు కూడా. ఒకరి తర్వాత ఒకరు... తొందర లేకుండా.

కళ్ళెత్తి చూశాను. ఎవరూ లేరు. దూరంగా బండి లాంతరు వెలుగులో మా ఎడ్లు రెండూ లేచి నిలబడి, మెల్లగా తలలు తిప్పుతున్నాయి... నా వైపు నుంచి రోడ్డు వైపుకి. మళ్ళీ నా వైపుకి. మళ్ళీ రోడ్డు వైపుకి.

అప్పన్నని లేపితే, "గబ్బిలాలు ఎగిరితే గాలి రాదేటి బావా?" అన్నాడు. తమలపాకు వేసుకునే గబ్బిలాన్ని వాడే చూపించాలి! ఉన్న ఒక్క సాక్షీ గురకపెట్టాడు. చూసిన ఎడ్లకి నోరు లేదు.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది.

"ఊదినారా?"

చెంబు వైపు చూశాను. పిల్ల వైపు చూశాను. ఈ నీళ్ళు పట్టొచ్చా? పట్టకపోతే ఇంకేముంది మా దగ్గర?

"ఊదారు."

పైడమ్మ గుటక గుటకగా తాగింది. తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది. పాలు అడిగింది. ఉన్నవన్నీ పట్టినా ఇంకా అడిగింది.

అయిపోయిందనుకున్నారా? మా ఆవిడ బెల్లం మూట చేతిలో పెట్టింది. "బిడ్డని లేపినోలకి తీపి పంచొద్దేటి? ఎల్లు."

మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. తొట్టిలో ఆకులు పొడిపొడిగా ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. ఎండకి బెల్లం వేళ్ళకి అంటుకుంటోంది. ఎవరికివ్వను? ఒక్కసారి పిలిస్తే పోతుందనుకుని నోరు తెరిచాను.

ఎవరూ పలకకపోతే... మరి మా పిల్లకి ఊదిందెవరు?

పలికితే...?

నోరు మూసేసుకుని, బెల్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.