సెట్టుకీ సెట్టుకీ మధ్య పెద్దమ్మ

మా పెద్దమ్మ కిందటి నెల నిద్రలోనే వెళ్లిపోయింది. తెల్లవారుతుండగా పెదనాన్నే ఫోన్ చేసి అమ్మకు చెప్పారు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆయన తనంతట తాను లేవలేని మనిషి. మేం పంజాగుట్టలో వాళ్లింటికి చేరేదాకా ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే పడుకుని ఉన్నారు.

ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, అక్కణ్ణుంచి బాత్రూమ్‌కి పెద్దమ్మే లేపేది. మనిషిని పెట్టుకోమంటే, ఆయనకు సిగ్గెక్కువ, పరాయి చేతులు వద్దు అనేది. ఒకసారి ఇద్దరూ గుమ్మంలో పడ్డారు. ఆ దెబ్బలు మానగానే, అరవై దాటిన పెద్దమ్మ అమీర్‌పేటలో జిమ్‌లో చేరింది. తోడుగా నన్ను పంపారు. నేను మూల బెంచీ మీద పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని.

అక్కడ ఆమెకు బాగా నచ్చింది ఫోమ్ రోలర్. గట్టి స్పాంజి దిమ్మ. దాని మీద తొడో వీపో ఆనించి ముందుకీ వెనక్కీ దొర్లాలి. ఒక సెట్టు బరువులెత్తాక, రెండోది మొదలయ్యేలోపు దాని మీద వాలిపోయేది. పసిపిల్లకు నూనె రుద్దినంత శ్రద్ధగా, కళ్లు మూసుకుని దొర్లేది. తీరా లేచి బరువుల కడ్డీ పట్టుకుంటే అది కదిలేది కాదు.

"ఆంటీ, సెట్ల నడుమల జర చాలు. గంతసేపు రుద్దితే కాళ్లు పండుకుంటయ్," అన్నాడు కోచ్, నవ్వాపుకుంటూ.

"నా కాళ్లకంత తీరికెక్కడిది బాబూ," అంది. కానీ మాట విన్నది.

ఇంట్లోనూ అదే పద్ధతి. మంచం నుంచి కుర్చీ ఒక సెట్టు. పెదనాన్న కాఫీ తాగుతుంటే ఎదురుగా నేల మీద ఇంకో రోలర్ వేసుకుని కాసేపు దొర్లేది. తర్వాత బాత్రూమ్. సర్కస్ అయిందా అని ఆయన ముద్దగా అడిగేవారు. టికెట్ లేకుండా చూసేవాళ్లు మాట్లాడకూడదనేది.

ఒకరోజు జిమ్‌లో తన బరువుకు మించిన కడ్డీని నేల మీంచి లేపింది. ముఖంలో పంతం లేదు. పాలగిన్నె దించినంత నెమ్మదిగా కింద పెట్టింది. ఎప్పుడు పుస్తకం మూశానో తెలీదు, వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. రోలర్ నా వైపు తోసింది.

"నొప్పి తగిలినచోట ఆగు. పారిపోకు. కాసేపటికి అదే వదులుతుంది," అంది. నొప్పికి నోరెత్తకూడదని కాన్వెంట్ సిస్టర్లు నేర్పిన బడి నాది. అది తెలిసే కాబోలు, "అరవవే, ఎవరూ ఏమనరు," అని కూడా అంది.

దినాలయ్యాక బంధువులు పెదనాన్నను ఏదైనా వృద్ధుల హోమ్‌లో చేర్చే మాట ఎత్తారు. ఆయన్ని ఇక ఎవరు లేపుతారన్నదే అందరి బెంగ. ఆయన మంచం అంచున కూర్చుని వింటున్నారు. నేను వెళ్లి ఆయన చంకల కింద చేతులు పెట్టాను.

"గడ్డం నా భుజం మీద ఆనించు తల్లీ. మీ పెద్దమ్మ అలాగే చేసేది. ఊపిరి పీల్చుకుని, అప్పుడు లేపు," అన్నారు నా చెవిలో.

లేపాను. కుర్చీ పక్కనే ఉన్నా ఆయన వెంటనే కూర్చోలేదు. కిటికీ అవతల మెట్రో రైలు ఎండలో మెరుస్తూ వంపు తిరుగుతోంది. చివరి పెట్టె దాటిపోయేదాకా, బాగున్న చేత్తో నా వీపు పట్టుకుని, నిలబడే ఉన్నారు.