బోనులు నిండిన ఏడాది

మా కొండాపూర్ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నిన్న పొద్దున్నుంచీ ఒకటే గోల, సెల్లారులో ఎలుకలు ఎక్కువయ్యాయి, కార్ల వైర్లు కొరికేస్తున్నాయి, ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చి పడ్డాయని. ఆ ప్రశ్న అడగాల్సింది వాటినా మననా అని రాద్దామనుకుని, ఈ వయసులో ఇరుగుపొరుగుతో తగువెందుకని ఫోను పక్కన పెట్టేశాను గానీ, కోపం మాత్రం పోలేదు. రిటైరై ఇన్నేళ్లయినా ఎలుకల మాట వస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎలుకల మీద కాదు.

తొంభైల చివర్లో హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తున్న రోజుల్లో, మాదాపూర్ దాటితే చాలు గుండ్లూ తుమ్మలూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ కనిపించేవి కావని నా తోటివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎడారి కాదు గానీ ఎడారికి దగ్గరి చుట్టమనదగ్గ నేల అది. అక్కడ సాగులేని ఒక మెట్ట చెలకలో, వానలు కురిసినా ఎగ్గొట్టినా చిన్న జీవులు ఏళ్ల తరబడి ఎలా నెట్టుకొస్తాయో చూడటం జంతువుల మీద పరిశోధన చేసే మా ఆఫీసు పని. సాయంత్రం రేకు బోనుల్లో పల్లీలూ సజ్జలూ నూరిన ముద్ద పెట్టి, పొద్దున్నే రేకు వేడెక్కకముందే వెళ్లి, దొరికిన చుంచునో, తోక చివర కుచ్చుండే ఎలుకనో గుడ్డసంచీలో వేసి తూచి, చెవి అంచున చిన్న గాటు పెట్టి వదిలేసేవాళ్లం. మళ్లీ దొరికితే పాత కాపో కొత్తదో తెలియడానికి ఆ గాటే ఆధారం. నా ఉద్యోగం అప్పటికింకా టెంపరరీ. మా పెద్ద సారు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవారు, తలుచుకుంటే పర్మనెంటు చేయించగలవారు.

ఆ చెలక మీదుగా సర్కారువాళ్లు రోడ్డు వెయ్యాలనుకున్నారు. చుట్టుపక్కల కట్టడాల వల్ల అక్కడి జీవులకు నష్టం ఉందో లేదో రాసివ్వమని మమ్మల్నే అడిగారు. ఉందంటే రోడ్డు పక్కకు జరుగుతుంది, లేదంటే చెలక పోతుంది. సరిగ్గా ఆ వేసవిలోనే మా బోనులు ఎన్నడూ లేనంతగా నిండాయి. మేం పండగ చేసుకున్నాం, నేనైతే ఎగిరి గంతేశాను.

మా సంబరం చూసి నవ్వింది అక్కడ మేకలు మేపుకునే అవ్వ. “పెరగలే బిడ్డా. ఆ పక్క మిషన్లు తవ్వుతుంటె ఉన్నకాడ ఉండలేక గిటు ఉరికొచ్చినయ్. గిన్ని నోళ్లకు గీ గింజలు ఎన్ని దినాలొస్తయ్?” అంది. డిగ్రీ చదువుకున్నదాన్ని నాకు తట్టని సంగతి ఆమె నోటివెంట వినేసరికి తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకెళ్లి రిజిస్టరు తిరగేస్తే ఏముంది, దొరికినవాటిలో సగానికి పైగా చెవికి గాటులేని పెద్దవే, తోకలు కొరుక్కుని పుండ్లు పడ్డవే. పిల్ల ఒక్కటీ లేదు. అక్కడే పుట్టి పెరిగితే పిల్లలూ కనబడాలి, అంటే అవ్వ మాటే నిజం.

సారుకు అంతా చెప్పాను. “సంఖ్య పెరిగిందా లేదా, అది చెప్పమ్మా. మిగతాదంతా మన ఊహే కదా,” అన్నారు. రిపోర్టులో ‘జీవుల సంఖ్య పెరిగింది, నష్టమేమీ కనబడలేదు’ అని రాయించారు. రాసింది ఎవరనుకున్నారు? నేనే. నా రాత బాగుంటుందని నా చేతే రాయించారు, నా చేతే సంతకమూ పెట్టించారు. ఆయన మీద ఇన్నేళ్లుగా పళ్లు నూరుతున్నాను గానీ, పెన్ను పట్టుకున్న చెయ్యి నాదే, పర్మనెంటు ఆశా నాదే.

రోడ్డు పని మొదలయ్యేలోపు ఇంకొక్కసారి బోనులు పెట్టాం. పల్లీముద్దకు చీమలు పట్టాయి తప్ప ఒక్క ప్రాణీ దొరకలేదు. వచ్చినవీ మిగల్లేదు, మొదటినుంచీ ఉన్నవీ మిగల్లేదు. ఆ తర్వాత నెలలోనే నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది, సారు ఆఫీసంతా మిఠాయి పంచారు. ఆ ముక్క గొంతు దిగలేదని చెబితే అబద్ధం. దిగింది.

కొన్నేళ్లకు బోరబండ సందులో ఆ అవ్వే ఎదురైంది. మేకలు అమ్మేశారట. కొడుకులూ కోడళ్లూ మనవలూ అందరూ కలిసి రెండు కిరాయి గదుల్లో ఉంటున్నారట, నీళ్ల దగ్గర రోజూ కొట్లాటేనట. నన్ను గుర్తుపట్టి, “మీ ఎలుకలేమైనయ్ బిడ్డా?” అని మామూలుగానే అడిగింది. బస్సుకు టైమైందని అబద్ధమాడి వచ్చేశాను.

ఇప్పుడు ఆ చెలక ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకదు, అద్దాల మేడలు చూసి ఊరెంత పెరిగిందోనని అందరూ మురిసిపోతుంటారు. అక్కడ ఏముండేదని ఎవరైనా వెతికితే ఎలుకా దొరకదు, అవ్వా దొరకదు. దొరికేది ఒక్కటే, నష్టమేమీ కనబడలేదని గుండ్రటి అక్షరాలతో నేను రాసిచ్చిన కాగితం.