క్యారియర్ మూత తీసి చూసే మా అత్త

మా యాప్‌లో 'ఈ పూట వంట లేదు' అనే మాట ఉండేది కాదు. పోయిన నెలలో ఒక సాయంత్రం నేనే కూర్చుని ఆ మాట చేర్చాను. మా అత్త పోయింది. మధ్యాహ్నం క్యారియర్లన్నీ పంపించి, చేతులు కడుక్కుని, వంటింటి గడప పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. అప్పటికింకా ఆమె అన్నం తినలేదు. ఊరందరికీ పెట్టి తాను తినకుండా పోయిందని వచ్చినవాళ్లంతా ఏడ్చారు. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. పొద్దున్నుంచి తినమని రెండుసార్లు అరిచాను మరి. వింటేనా!

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో మా ఇల్లు. ముందు గదిలో నా కంప్యూటరు, వెనక సగం ఇల్లంతా ఆమె వంట. నేను బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే ప్రోగ్రాములు రాస్తాను. నేను కోడలిగా వచ్చేనాటికే ఆమెను ఊళ్లో అందరూ 'క్యారియర్ పెద్దమ్మ' అనేవాళ్లు. శిల్పులు రాయి చెక్కే షెడ్లకు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మా ఊరి ఆటో అన్న క్యారియర్లు చేర్చేవాడు. నంద్యాల ఆసుపత్రుల్లో ఉన్న మా వైపు రోగులకు పదకొండు గంటల బస్సులో పోయేవి. అన్నీ మూడు గిన్నెల స్టీలు క్యారియర్లే. సాయంత్రానికల్లా ఖాళీవి తిరిగి వచ్చేవి.

అవి వచ్చే వేళకు ఆమె కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చునేది. ఒక్కొక్క మూతా తీసి, గిన్నె అడుగు చూసి, పక్కన పెట్టేది. నేను వచ్చిన కొత్తలో ఇదేం పాడు అలవాటు, ఎంగిలి గిన్నెల్లో తొంగిచూడటమేమిటి అని ముక్కు మూసుకునేదాన్ని.

"ఏం చూస్తాండావత్తా అందులో?"

"తిన్నారో లేదో చూస్తాండా."

"బాగుందని ఫోన్లో చెప్పారు కదా."

"మనిషి మొగమాటానికి బాగుందంటాడు మే. గిన్నెకేం మొగమాటం?"

ఆ చూడటంతోనే ఆమెకు చాలా తెలిసేది. ముద్ద ముట్టకుండా పులుసు మాత్రమే తాగి ఉంటే మరుసటి రోజు ఆ మనిషికి మెత్తటి అన్నం పోయేది. కూర మిగిలి మజ్జిగ అయిపోయి ఉంటే కారం తగ్గేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. తినేవాళ్లు కూడా ఎందుకు మారిందో అడిగేవాళ్లు కాదు, తినేసేవాళ్లు. అన్నేళ్లుగా ఆ వంట అలాగే నడిచింది.

దాన్ని చెడగొట్టింది నేనే. ఒప్పుకుంటున్నాను. తిండి తెచ్చిపెట్టే పెద్ద యాప్‌లు మా ఊరి దాకా వచ్చిన కొత్తలో, 'చదువుకున్న కోడలు ఇంట్లో ఉండి కూడా ఇంకా క్యారియర్లేంటి' అని ఆమె వంటను తీసుకుపోయి అందులో చేర్చాను. ఆర్డర్లు బాగానే వచ్చాయి. కమీషను కోసుకుంటారన్నది నా బాధే తప్ప ఆమె దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆమె బాధ వేరే. స్టీలు క్యారియర్లు అటకెక్కి ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. పోయిన డబ్బా పోయినట్టే. ఆర్డరు వస్తే ఒక నెంబరు వచ్చేది, పేరు కూడా సగమే.

"తినేదెవరో చెప్పదా ఇది?" అని అడిగింది మొదటి రోజే.

"మనకెందుకత్తా? మనం వండి ఇస్తే చాలు."

"నీకొద్దేమో. నాకు కావాల."

నేను వినిపించుకోలేదు. సాయంత్రాలు ఆమె కుళాయి దగ్గరికి పోయి, చూడటానికి ఏమీ లేక, తిరిగి వచ్చేది. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

మా పై వీధిలో కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. ఎన్నో ఏళ్లుగా మా క్యారియరే తినేవాడు. ఆయన కూతురు నంద్యాల నుంచి వచ్చినప్పుడు ఆయన ఫోన్లో కూడా ఆ యాపే పెట్టిపోయింది. అప్పటినుంచి ఆయన కూడా మాకు ఒక నెంబరైపోయాడు. కొన్నాళ్లకు ఆ నెంబరు రావడం మానేసింది. నెంబర్లు వస్తుంటాయి, పోతుంటాయి, ఎవరు గమనిస్తారు? ఒకరోజు ఆటో అన్న వచ్చి చెప్పాడు, పెద్దాయన ఇంట్లో కళ్లు తిరిగి పడిపోతే పక్కింటివాళ్లు నంద్యాలకు తీసుకుపోయి పది రోజులైందని.

అత్త ఆ మరుసటి రోజే అటక మీది క్యారియరొకటి దించి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆసుపత్రి మంచం మీద మనిషి సగమయ్యాడు. "నెల నుంచి సగమే తింటాండామ్మా," అన్నాడాయన సిగ్గుపడుతున్నట్టు. "మిగిలింది డబ్బాతో కూడా పారేస్తాంటి. ఎవరితో చెప్పేది?" అత్త ఆయనకు నాలుగు ముద్దలు తినిపించి, మూతి తుడిచి, లేచింది. తిరుగు బస్సులో శిరివెళ్ల దాటాక నా వైపు తిరిగింది.

"నెల దినాలు నా బువ్వ పారేసుకుంటాండాడు ఆయప్ప. నాకు తెలీకపాయ. క్యారియర్ తిరిగొచ్చింటే మూడో పొద్దుకే ఇంటికి పోయి చూసొచ్చింటి." ఆమె కళ్లు తుడుచుకోవడం నేను అంతకుముందు చూడలేదు. "చదువుకున్నెదానివి కదమ్మే నువ్వు. ఆ యాపు వాళ్లదేందో వాళ్లకియ్యి. నాకొకటి కట్టియ్యి. డబ్బా తిరిగొచ్చేది."

ఆ మాటతో మొదలైంది మా సొంత యాప్. నేను శని, ఆదివారాలు కంప్యూటరు ముందు, ఆమె పక్కనే స్టూలు మీద వెల్లుల్లి ఒలుస్తూ. నాకొచ్చిన విద్యంతా చూపిద్దామని మొదట అచ్చం పెద్ద యాప్‌లాగే తయారుచేశాను. రంగులు, బొమ్మలు, తిన్నాక ఇవ్వడానికి అయిదు నక్షత్రాలు.

"ఈ చుక్కలేందీ?"

"వంట ఎట్లుందో జనం చెప్పడానికత్తా."

"అయిదు చుక్కలిచ్చినోడు బువ్వ పారేసింటే?"

అంటూ ఆమె ఇంకో పాయ అందుకుంది. నక్షత్రాలు తీసేశాను. వాటి స్థానంలో 'ఏం మిగిలింది' అనే గడి పెట్టాను. అది తిన్నవాళ్లు నింపేది కాదు, క్యారియర్ తిరిగొచ్చాక అత్త నింపేది. ఎవరి క్యారియరైనా వరసగా మూడు రోజులు మిగులుతో వస్తే ఆ పేరు ఎర్రగా మారి అన్నిటికన్నా పైన కూర్చుంటుంది. బెంగళూరులో నాతో పనిచేసేవాళ్లకు చూపిస్తే, ఇది తిండి యాప్ కాదు, ఎంగిలి యాప్ అని పడీ పడీ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. లైన్‌మన్ పెద్దాయన ఇంటికి తిరిగొచ్చాక మొదటి ఆర్డరు ఆయనదే.

కొత్తగా చేరేవాళ్లను ఏమేం అడగాలో కూడా ఆమే చెప్పింది. బువ్వ ఎవరికి, కారం ఎంత, నోట్లో పండ్లు ఎన్ని ఉండాయి. ఆ మూడోది వద్దత్తా, బాగుండదు అని బతిమాలాను. ససేమిరా వినలేదు. శిల్పుల షెడ్డులో పాతికేళ్ల అబ్బాయి ఒకడు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ముప్పై రెండూ ఉండాయి, వచ్చి లెక్కపెట్టుకుంటావా?" అన్నాడు. "ఉంటే జొన్నరొట్టె పంపిస్తా, నములు," అంది ఈమె.

చదివేవాళ్లు నవ్వుకున్నా సరే, మా యాప్ దాదాపు మూతపడబోయిన సంగతి చెప్పి తీరాలి. కొత్తగా చేరినవాళ్లలో సంసారులే ఎక్కువ. వాళ్ల క్యారియర్లన్నీ తళతళా తోమించుకుని తిరిగొచ్చాయి. షెడ్లవాళ్లు, ఒంటరివాళ్లు కడగరు గానీ, ఒకరింటి గిన్నె కడగకుండా సంసారులెవరు పంపుతారు మన వైపు? కడిగిన గిన్నెలో అత్త చూసేదేముంది? నేను తెలివిమంతురాలిని కదా, 'క్యారియర్ కడగకుండా పంపండి' అని యాప్‌లో పెద్దక్షరాలతో పెట్టాను. అంతే. ఒకామె ఫోన్ చేసి, "ఏమ్మా, ఎంగిలి గిన్నె పంపేటంత తప్పుడు సంసారమా మాది?" అని కడిగేసింది. ఇంకో నలుగురు చెప్పకుండానే మానేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అత్తకు చెబితే, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్ల నీళ్లు వచ్చేదాకా.

"కడుక్కోనీలే మే, వాళ్ల మర్యాద వాళ్లది. కడిగినోళ్లను ఫోన్ చేసి ఏం మిగిలిందో చెప్పమను."

అలా ఆమె ఫోన్ నెంబరు యాప్‌లోకి ఎక్కింది. ఇక మోగుడే మోగుడు. ముద్ద సగం మిగిలిందని మొదలుపెట్టి, మోకాళ్ల నొప్పుల మీదుగా, అల్లుడి అలకల దాకా చెప్పుకునేవాళ్లు. ఆమె ఫోను తడవకుండా కరివేపాకు తెచ్చిన ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఆ కవరు మీంచే మాట్లాడేది. ఆఫీసు మీటింగుల్లో నాకు ఆ గోల తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

"ఫోను మోగకుండా ఉండాలనే కదత్తా యాప్ కట్టింది!" అని ఒకరోజు అరిచాను.

"నువ్వు దానికి కట్టినావు. నేను దీనికి కట్టిచ్చుకున్యా," అంది, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి.

ఊరివాళ్ల గిన్నెలేనా, ఇంట్లో పళ్లేలు కూడా వదిలేది కాదు. ఒకసారి మా ఆయనకూ నాకూ మాటా మాటా పెరిగింది. ఆమెకు తెలియకూడదని ఇద్దరం నవ్వుతూ కూర్చుని భోంచేశాం. పళ్లెం తీసేటప్పుడు ఆమె ఒక్క చూపు చూసి, కొడుకు వైపు తిరిగింది. "ఏరా, దాని పళ్లెంలో ముద్ద మిగిలింది. ఏమన్యావు దాన్ని?" నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. మా అమ్మ నన్ను కన్నది, పెంచింది, కానీ ఇంతగా కనిపెట్టి ఉండటం నేను అత్త దగ్గరే చూశాను. ఆమె బతికుండగా ఈ మాట ఆమెతో అనలేదు. అని ఉంటే, "పో మే, పనుండాది," అనేది.

పోయే ముందు వారమంతా ఆమెకు ఒకటే దిగులు. నంద్యాల ఆసుపత్రిలో ఒక పెద్దావిడ ఉంది, కూతురు తోడుంది. క్యారియర్ కడిగే వచ్చేది కానీ, కూతురు రోజూ ఫోన్ చేసి ఒకే మాట చెప్పేది, అమ్మ ఏమీ తినలేదని. యాప్‌లో ఆ పేరు ఎర్రగా పైనే ఉండిపోయింది. అత్త జావ పంపింది. మజ్జిగన్నం పంపింది. పప్పు మెత్తగా ఎనిపి పంపింది. దేనికీ ఆ పెద్దావిడ నోరు తెరవలేదు. డాక్టర్లు చూసుకుంటున్నారు కదత్తా అంటే, "సూదులు వాళ్లు ఏస్తారు. బువ్వ నాది కదా," అని విసుక్కుంది. ఆఖరికి ఆ కూతుర్నే అడిగింది.

"మీ అమ్మ పుట్టిల్లు యాడమ్మా?"

"ఆత్మకూరు అవతల పెద్దమ్మా, అడివి అంచున."

"చిన్నప్పుడేం తింటాండె?"

"కొర్రబువ్వ, చింతచిగురు పప్పు అని ఎప్పుడూ చెప్తాంటాది."

మరునాడు పొద్దున్నే అత్తే మార్కెట్టుకు పోయి లేత చింతచిగురు ఏరి తెచ్చింది. కొర్రలు కడిగి నానబెట్టింది. నేను తినమని అరిచింది ఆ పొద్దే. "ఆయమ్మది కానీలే, తింటా," అంది రెండుసార్లూ. క్యారియర్ పదకొండు గంటల బస్సెక్కింది. మిగతావీ పంపించి, ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది.

మూడు గంటలకల్లా ఇల్లంతా జనం. అత్తను ముందు గదిలో, నా కంప్యూటరు బల్ల పక్కకు జరిపి, పడుకోబెట్టారు. కాళ్ల దగ్గర మా ఆయన, తల దగ్గర నేను. కరివేపాకు కవరులోని ఆమె ఫోను నా ఒళ్లో ఉంది. అది మోగింది. చుట్టాలెవరో అనుకుని ఎత్తాను. అవతల మనిషి నన్ను పలకనివ్వలేదు.

"పెద్దమ్మా, తినింది! మా అమ్మ బువ్వంతా తినింది! ఏమీ మిగల్లే. ఇంకా ఉండాదా అని అడిగింది పెద్దమ్మా!"

ఆ గొంతులో అంత సంతోషం. అందులో చావు వార్త పోయడానికి నాకు నోరు రాలేదు.

"నేను కోడల్నమ్మా," అన్నాను.

"అక్కా, పెద్దమ్మకు చెప్తావా? ఈ వారమంతా పెద్దమ్మ కూడా సరిగ్గా తినలేదంట. ఇప్పుడే చెప్పక్కా."

"చెప్తాను," అని పెట్టేశాను. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపే చూస్తున్నారు. నేను వంగి, ఆమె చెవి మీద పడిన జుట్టు పక్కకు తీసి, చెప్పాను.

"అత్తా, ఆయమ్మ తినిందంట. ఏమీ మిగల్లేదంట."