హాజరు పట్టీల చివరి పేరు

యాభై రెండు ఆదివారాలల్ల నలభై ఆదివారాలు చర్చికి పోని మనిషి సాయవ్వ. ఈ మాట సంఘపెద్ద జకరయ్య పంతులు ఊరంతా చెప్పుకుంట తిరిగేటోడు. చెప్పనీ, ఆ నోటికి అడ్డమేమున్నది? కానీ గా నలభై ఆదివారాలు సాయవ్వ యాడికి పోయిందో ఒక్కనాడన్న అడిగిండా? అడగలే. అడిగితే జవాబు ఇనాల్సి వస్తదాయె.

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే తొవ్వల చిన్న ఊరు ఆమెది. పొద్దు పొడిచింది మొదలు చాట ఒడిల పెట్టుకొని బీడీలు చేసుడే బతుకు. ఆమెకు ఇరవై రెండేండ్లున్నప్పుడే పెనిమిటి సత్తయ్య జెరమొచ్చి పోయిండు. పిల్లా జెల్లా లేరు. ఏం రోగమో ఏమోనని అయినోళ్ళే గడప తొక్కడానికి జంకితే, వాక్యం చెప్పుకుంట ఊర్లు తిరిగే ఒక ముసలామె వచ్చింది. మూడు దినాలు సాయవ్వ ఇంట్లనే ఉండి గంజి కాసి తాగిచ్చింది. ఒక్క బోధ చెయ్యలే. పోయేటప్పుడు మాత్రం, "నీ దగ్గరికి మా యేసయ్యనే పొమ్మన్నడు బిడ్డా" అన్నది. సాయవ్వకు తెలిసిన మతం గంతే. బాప్తిస్మం ఇచ్చిన్నాడు సారమ్మ అని పేరు పెట్టిండ్రు గని, ఆ పేరు చర్చి పట్టీల తప్ప ఎవల నోట్ల లేదు. చదువు రాదు, పాటలు సగం సగం వస్తయి. పొద్దుగాల లేసి మొకం కడుక్కొని ఒక్కటే అడుగుతది: "అయ్యా, ఇయ్యాళ ఎవలకాడికి పోవాలె?"

ఆదివారమైతే జవాబు ముందుగాలనే తయారు. పక్కింటి రషీదాబీకి పక్షవాతం, కాలూ చెయ్యీ పడిపోయి మంచంలనే ఉంటది. బిడ్డ సర్వర్ బీ పొద్దుగాలనే గాజుల గంప ఎత్తుకొని అంగడికి పోవాలె, పోకుంటే వారం గడవది. గందుకే ఆ పూట సాయవ్వ పోయి ముసలామెకు నీళ్ళు పోసి, బట్ట మార్చి, బువ్వ తినిపించేది. అదంత అయ్యేవరకు చర్చిల ఆఖరి పాట గూడ అయిపోయేది.

ఇగ జకరయ్య సంగతి. బడి నుంచి రిటైరైనా పంతులుతనం ఇడువలే. ఆదివారం ప్రార్థన కాంగనే కండ్లద్దాలు పెట్టుకొని పేర్లు పిలిచేటోడు. వచ్చినోళ్ళకు హాజరని నీలం సిరాతోని 'హా', రానోళ్ళకు గైరుహాజరని ఎర్ర సిరాతోని 'గై'. పట్టీల మొదటి వరుస ఆయనదే, ఒక్క ఎర్రమచ్చ ఉండది. చివరి వరుస సాయవ్వది, దెబ్బ తాకి నెత్తురు కారినట్టే ఉండేది. ఒకపాలి పదిమంది ముంగట నిలబెట్టి ఆ వరుస చూపెట్టి, "పరలోకంల గూడ గిట్లనే రాసుంటది సారమ్మా" అన్నడు. ఆమె ఆ ఎర్ర అక్షరాన్ని చానాసేపు చూసింది.

వాక్యమంటరా? బైబిల్ల ఉన్న అరవై ఆరు పుస్తకాల పేర్లు మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి గుక్క తిప్పుకోకుంట చెప్పేటోడు. జగిత్యాలల వాక్యం పోటీ పెడితే గోడ గడియారం గెలుచుకొచ్చిండు. గడియారం ఆయన ఇంటి గోడకున్నది. వాక్యం యాడున్నదో ఆ దేవునికే ఎరుక.

తొంభై ఒకటి వానకాలం. గవి ఎసొంటి దినాలంటే, అడివిల నుంచి అన్నలొచ్చి బువ్వ పెట్టుమంటరు, తెల్లారి పోలీసోళ్ళొచ్చి ఎందుకు పెట్టినవని తంతరు. ఒక ఆదివారం పొద్దున రాయికల్ దిక్కు ఎవలో ఒక దొర ట్రాక్టరు తగలవెట్టిండ్రు. సోమవారం పొద్దుగాల, సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డ మొగిలయ్యను జీపుల ఏసుకొని పోయిండ్రు. మొగిలయ్య సిరిసిల్లల మరమగ్గం నడిపే కూలి. శనివారం ఇంటికొస్తడు, సోమవారం పోతడు. ట్రాక్టరు కాలిన గడియల అతను చర్చిల డోలక్ కొడుతున్నడు. డెబ్బై మంది చూసిండ్రు. పట్టీల నీలం సిరాతోని రాసి ఉన్నది. గప్పట్ల పోలీసోళ్ళు పట్కపోయినోళ్ళు తిరిగొస్తే నడుసుకుంట వచ్చేటోళ్ళు, లేకుంటే ఎదురుకాల్పులని పేపర్ల వచ్చేటోళ్ళు.

మొగిలయ్య పెండ్లాం నీల చంటిపిల్లను సంకల ఎత్తుకొని ఏడ్సుకుంట సాయవ్వ కాడికి ఉరికొచ్చింది. ఇద్దరు కలిసి జకరయ్య ఇంటికి పోయిండ్రు. నీల పోవుడు పోవుడే ఆయన కాళ్ళ మీద పడ్డది.

"పంతులయ్యా, ఆ పట్టీ పట్టుకొని ఒక్కపాలి టేషనుకు రాండ్రి. ఆదివారం మీ ముంగటనే ఉన్నడని చెప్పుండ్రి. మీ మాటకు ఇలువుంటది."

"పొద్దుగాలనే కానిస్టేబుళ్ళు వచ్చిపోయిండ్రమ్మా" అన్నడు జకరయ్య. "మొగిలయ్య మీ చర్చికొస్తడా అని అడిగిండ్రు. నాకంత ఎరుక లేదన్న."

"ఎరుక లేదా?" అన్నది సాయవ్వ. "బాప్తిస్మమని వాన్ని నీళ్ళల్ల ముంచింది నువ్వు. వాని పెండ్లి చేసింది నువ్వు. ఎరుక లేదా?"

"నీకేం తెలుసు సారమ్మా? పై అధికారులకు లోబడాలని వాక్యమే చెప్తది. రేపు చర్చికి తాళమేస్తే ఎవలు దిక్కు? ఇరవై ఒక్క దినాలు ఉపవాస ప్రార్థన పెడత. ఆ తర్వాత దేవుని చిత్తం."

"ఇరవై ఒక్క దినాలా! వాడు ఎల్లుండి దాకా ఉంటడో లేడో!"

బల్ల మీద పట్టీ తెరిచే ఉన్నది. జకరయ్య ఆ నెల కాయితం అంచు పట్టుకొని మెల్లగ చింపుడు మొదలువెట్టిండు. రేపు సోదాకొస్తే మొగిలయ్య పేరు చర్చిల దొరకొద్దాయె! సాయవ్వ ఒక్క గుంజు గుంజి పట్టీ లాక్కున్నది.

"థూ! ఏం పుటక పుట్టినవయ్యా! పేర్లు రాసుడు తెలిసింది గని, ఆ పేరు ఒక మనిషిదని తెల్వలేదా నీకు?"

పట్టీ ఒక సంకల, బీడీల చాట ఒక సంకల పెట్టుకొని టేషనుకు పోయింది. బుగులు, భయం లేదా అంటే, మస్తున్నది. అయినా మెట్లెక్కి పట్టీ ఎస్సై బల్ల మీద పెట్టింది. ఎస్సై పట్టీ తిరగేసి చూసిండు.

"ఇది రాసినోడేడి?"

"బుగులుకు ఇంట్ల కూసున్నడు సారూ."

"నీ పేరు యాడున్నది ఇందుల?"

"ఆఖరుకు. ఎర్రగున్నదే నాది."

ఎస్సై పకపక నవ్విండు. "చర్చికే పోనిదానివి, నువ్వు సాక్ష్యమా?"

"నేను చూసిన్నంటలేను సారూ. ఆ పొద్దు నేను లేను, అబద్ధమెందుకాడాలె? రాసింది అబద్ధమైతే నన్ను గూడ లోపలెయ్యి. చర్చికి పోయినోళ్ళంత ఇండ్లల్ల తలుపులేసుకున్నరు. పోనిదాన్ని నేనే వచ్చిన."

ఎస్సై నవ్వు ఆగింది. పట్టీ సొరుగుల పడేసి, పో అని కసిరిండు. ఆమె పోలే. గేటుకు ఎదురుంగ చాట ఒడిల పెట్టుకొని బీడీలు చేసుకుంట కూసున్నది. "అయ్యా, నువ్వే గీడికి పొమ్మంటివి. ఇగ గీడనే కూసుంట" అనుకున్నది. నీల పక్కన కూసున్నది. మంగళవారం పొద్దుగాల సర్వర్ బీ, తల్లిని చుట్టాలకప్పజెప్పి గాజుల గంపతోని వచ్చింది. మాపటికి ఊరి నుంచి పన్నెండు మంది బీడీల ఆడోళ్ళు చాటలు పట్టుకొని వచ్చిండ్రు. మొగిలయ్యను జీపుల యాడికి తీస్కపోవాలన్నా ఇంతమంది కండ్ల ముంగటికెల్లే పోవాలె. చర్చి నుంచి ఒక్క మగ పురుగు రాలే. చర్చిల ఉపవాస ప్రార్థన నడుస్తున్నదట, ఎట్లొస్తరు?

బుధవారం మాపటికి మొగిలయ్యను గేటు అవతలికి నూకిండ్రు, పట్టీ గూడ వాని మీద ఇసిరేసిండ్రు. అరికాళ్ళు పగిలినయి. కుడిచేతి రెండు వేళ్ళు ఇరిగినయి. ఆ చేత్తోని ఇగ మగ్గం కాడ తెగిన పోగు ముడేసేదెట్ల? కానీ పానముతోని వచ్చిండు. నీల వాని మొకం పట్టుకొని ఏడ్సింది. సాయవ్వ పట్టీ కింద నుంచి తీసుకొని దుమ్ము దులిపింది.

ఆదివారం సర్వర్ బీ అంగడికి పోలే. "అమ్మను నేను సూసుకుంట, ఇయ్యాళ నువ్వు పో అక్కా" అన్నది. సాయవ్వ పోయి పట్టీ బల్ల మీద పెట్టి వెనుక కూసున్నది. మొగిలయ్య గోడకు ఒరిగి కూసున్నడు, చేతికి కట్టు. డోలక్ మూలకున్నది, ఎవలు ముట్టలే.

జకరయ్య లేసి సాక్ష్యం చెప్పిండు. ఏం చెప్పిండనుకున్నరు? "మన సంఘం ఉపవాస ప్రార్థన ఫలించింది. సింహాల బోనుల నుంచి దేవుడు మన మొగిలయ్యను బయటికి తెచ్చిండు." మన మొగిలయ్య అట! సిగ్గు శరం ఉండాలె. జనం తలలు వంచుకొనే స్తోత్రం అన్నరు. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని పేర్లు పిలిచిండు. మొదలు తన పేరుకు తానే నీలం సిరా దిద్దుకున్నడు. ఆఖరుకు, "సారమ్మ" అన్నడు.

"వచ్చిన" అనుకుంట సాయవ్వ లేసింది. నడుసుకుంట బల్ల కాడికి పోయి చెయ్యి చాపింది. "ఆ ఎర్ర కలం గిటియ్యి పంతులూ."

ఎందుకో తెల్వక ఇచ్చిండు. సాయవ్వకు రాసుడు రాదు. ఇన్నేండ్లు తన వరుసల చూసి చూసి నేర్చిన అక్షరం ఒక్కటే. వంగి, అందరు చూస్తుండంగ, మొదటి వరుసల, నీలం అక్షరం పక్కన, వంకర టింకరగ ఆ ఎర్ర 'గై' దిద్దింది.

జకరయ్య మొకం నల్లగయ్యింది. "ఏందిది? నేనేనాడన్న ఒక్క ఆదివారం తప్పిన్ననా?"

"ఆదివారం కాదు పంతులూ" అన్నది సాయవ్వ. "సోమవారం."