ఒక్క దగ్గర కూసోని

ఆ సాయంత్రం వానకు చందానగర్ వెళ్లే బస్సు మాదాపూర్‌లోనే ఇరుక్కుపోయింది. నా పక్కన యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. ఎంతకీ బస్సు కదలకపోయేసరికి ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బా తెరిచింది. పప్పన్నం, మామిడికాయ తొక్కు. మూతలో కొంచెం పెట్టి నాకిచ్చింది.

"తిను బిడ్డా. ఒక్కదాన్నే తింటే నాకు సయించదు."

మొహమాటపడుతూనే తీసుకున్నాను. ఇంట్లో వండిన పప్పు తిని చాలా రోజులైంది. చందానగర్ ఫ్లాట్‌లో నేనూ మావారూ ఎవరికి కావలసింది వాళ్లం తెప్పించుకుని, ఎవరి గదిలో వాళ్లం తినేవాళ్లం. పెద్ద గొడవేమీ జరగలేదు. మాటలు తగ్గిపోయాయి, అంతే.

"పప్పు బాగుందండి" అన్నాను.

"మా అమ్మ నేర్పింది. అమ్మ, నాయిన మస్తు కొట్లాడేటోళ్లు. మాటలు గూడ బంద్ జేసేటోళ్లు. గని అన్నం మాత్రం ఒక్క దగ్గర కూసోనే తినేటోళ్లు. అమ్మ చేను కాడికెళ్లి వచ్చేదాక నాయిన ముద్ద ముట్టేటోడు కాదు. మాట్లాడకుంటనే తొక్కు గిన్నె ఆమె దిక్కు జరిపేటోడు."

ఇంకో ముద్ద కలుపుతూ అడిగింది. "మీ ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"ఇద్దరమేనండి."

ఇంకేమైనా చెబుతానేమోనని ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

మర్నాడు పప్పు వండి ఆయన్ని పిలిచాను. అప్పటికే ఆర్డర్ పెట్టేశానన్నారు. అది వచ్చేదాకా ఆగి, నా కంచం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. ఏమిటన్నట్టు చూశారు.

"ఏం లేదు. ఇక్కడ తింటాను."

ఆయన మంచం మీది ల్యాప్‌టాప్ తీసి పక్కన పెట్టారు.