దింపుడు కల్లం దగ్గర ఆగని బండి

తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పులు జరుగుతున్న రోజుల్లో మా పెదనాన్న మెదక్ దవాఖానలో పోయాడు. శవాన్ని ఊరికి తెచ్చింది మా పికప్పులోనే. బండి నాది, నడిపేది పెదనాన్న కొడుకు. నాకంటే నాలుగేళ్లు చిన్న. కుల్చారం దారిలో రాస్తారోకో దగ్గర గంటల తరబడి ఆగిపోయాం. పొద్దు గూకేలోగా దహనం కావాలని బండిని నేరుగా కాష్ఠం దాకా తోలేశాం. పాడె మోసి ఉంటే మధ్యలో దింపుడు కల్లం దగ్గర దింపి, చెవిలో మూడుసార్లు పిలిచేవాళ్లం. ఆలస్యమవుతుంది, ఆపొద్దన్నది తమ్ముడే.

దినాలు అయ్యాక వాడు మళ్లీ బండెక్కాడు. మిల్లులో వడ్లు దించి హవేలిఘనపూర్‌కు ఖాళీగా పోతుంటే, చినుకుల్లో బ్రేకు తొక్కగానే వెనక భాగం పక్కకు తిరిగిందట, ఎవరో పట్టి గుంజినట్టు. లోడు ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండే బండి ఖాళీ అయితేనే ఇలా చేసేది. మా వాడకట్టు ముసలవ్వ ఒకటే మాట అంది: "మీరు దింపలేదు గద బిడ్డా. ఆయన ఇంక బండి మీదనే ఉన్నడు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి భయానికైనా నా దగ్గర ఒక వెక్కిరింత సిద్ధంగా ఉండేది. ఊరికే తిరిగే బదులు పెదనాన్నను డీజిల్ కూడా పోయించమన్నాను. తమ్ముడు నవ్వలేదు. రోజురోజుకూ సన్నబడిపోతున్నాడు. ఏ మలుపులోనో బోల్తా కొడితే వాణ్నీ ఇలాగే మోసుకురావాల్సి వస్తుందని లోపల గుబులు పట్టుకుంది. అందుకే ఒకరోజు పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నమే, కానీ ముసురు. రోడ్డు మీద పురుగు లేదు. తమ్ముడు మాటిమాటికీ అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. స్పీడ్ బ్రేకర్ కనబడగానే మెల్లగా, పక్కమనిషితో అన్నట్టు, "బాపూ, పట్టుకో. బ్రేకేస్తున్న" అన్నాడు. వెనక టైర్లు కీచుమన్నాయి, బండి కుడికి తిరిగింది. నేనూ వెనక్కి చూశాను. తడిసిన ఖాళీ రేకు. అయినా ఎవరో సర్దుకుని కూర్చున్నట్టే అనిపించింది. నా వెక్కిరింతలన్నీ ఎటు పోయాయో తెలియదు.

భయం ఒప్పుకోలేక బండి మీద కోపం తెచ్చుకుని, మెకానిక్ షెడ్డుకు తోలించాను. ఆయన కిందికి దూరి ఒక కడ్డీ చూపించాడు. అది వెనక ఇరుసుకూ, పైనున్న బ్రేకు వాల్వుకూ మధ్య ఉంటుంది. లోడు పడి బండి కుంగితే ఆ కడ్డీ వాల్వును తెరుస్తుంది, వెనక చక్రాలకు బ్రేకు గట్టిగా అందుతుంది. ఖాళీ అయి పైకి లేస్తే బ్రేకు తగ్గుతుంది. లేకుంటే తేలికైన చక్రాలు పట్టేసి జారిపోతాయి. ఆ కడ్డీ తీగతో పైకి కట్టేసి ఉంది.

"ఖాళీగ ఉన్నా లోడున్నదనే అనుకుంటుంది బండి," అన్నాడాయన. "గిది ఎవరు కట్టిండ్రు?"

కట్టింది నేనే. బస్తాలు ఎక్కువ వేయాలని, బరువు మోసే వెనక కమాన్లకు అదనపు ఇనుప పట్టీలు వేయించాను. దాంతో ఎంత లోడు వేసినా బండి కుంగేది కాదు, బ్రేకు సరిగా అందేది కాదు. పెదనాన్న పోవడానికి వారం ముందు ఆ తీగ చుట్టి, మహా తెలివనుకుని మరిచిపోయాను. అప్పుడు రోడ్లు పొడిగా ఉండి తేడా తెలియలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మెకానిక్ తీగ కోసేసి, కొత్త పట్టీలకు తగ్గట్టు కడ్డీ సరిచేశాడు. తమ్ముడికి అంతా చెప్పాను. తిట్టమన్నాను కూడా.

వాడు తిట్టలేదు. ఖాళీ బండిని తడిరోడ్డు మీదికి తీసుకుపోయి గట్టిగా బ్రేకు వేశాడు. అది తిన్నగా ఆగింది. ఇంకోసారి వేశాడు. అలాగే ఆగింది. అలవాటుగా అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"అంటే బాపు గప్పుడే పోయిండా అన్నా?" అన్నాడు. "ఇన్ని దినాలు నేనొక్కణ్నే తిరిగిన్నా?"